ముప్పై ఒక్క పడవలు

పొద్దున ఏడుంబావుకు లేఖరి గంజిలో ఉప్పు కలుపుకుంటున్నాడు. కోట నుంచి వచ్చిన జవాను వాకిట్లో చెప్పులు విడిచి, లోపలికి వచ్చి, రాజుగారి ఆజ్ఞ చదివి వినిపించాడు. లేఖరి అంతా విన్నాక చల్లారిన గంజి తాగి, ముంత కడిగి బోర్లించి, గంటం తీసుకుని బయల్దేరాడు.

ఆజ్ఞలో మూడు సంగతులున్నాయి. మంచుపండగనాడు ఊళ్ళో చెప్పుకునే పడవ కథల్లో అసలుది ఏదో లేఖరి ఇరవై రోజుల్లో తేల్చాలి. దాన్ని రాతి మీద చెక్కించి పండగ సాయంత్రం రేవులో నిలబెట్టాలి. ఆ తర్వాత ఇంకో విధంగా ఆ కథ చెప్పినవాళ్ళు ఊరు విడిచిపోవాలి.

రాజు చెడ్డవాడు కాడు. పోయిన పండగకు నాటకంవాళ్ళూ సాలెవాళ్ళూ ఆ కథ మీదే తగువుపడి కర్రలు తీశారు. పదకొండు తలలు పగిలాయి. అందులో ఒకటి మళ్ళీ అతకలేదు. ఒక్క కథకు ఇన్ని నోళ్ళు దేనికని రాజు ఏడాది పొడుగునా ఆలోచించి ఈ ఆజ్ఞ రాయించాడు. కథ తేలేదాకా ఎవరూ వాయించకుండా ఊళ్ళోని డప్పులూ మద్దెలలూ తాళాలూ కోటలో పెట్టించి, తలుపుకు తాళం వేయించి, చెవి తన మొలలో దోపుకున్నాడు. లేఖరి ముందు మాత్రం వాయిద్యం లేకుండా చెప్పుకోవచ్చన్నాడు.

ఊరు ఏటి ఒడ్డున ఉంది. ఏరు అరకోసు వెడల్పు. చలికాలంలో తొమ్మిది రోజుల పాటు దాని మీద మంచు దిగుతుంది. చాచిన చెయ్యి కనబడదు. ఆ తొమ్మిదింట్లో మొదటి రోజే పండగ. ఆ పొద్దున పడవలన్నిటినీ రేవులో వరసగా కట్టి, కట్టు మీద పసుపుగుడ్డ చుడతారు. మంచు విడిచేదాకా దాన్ని ఎవరూ విప్పరు. కథలోని పడవావిడకు ఊరు చేసే మర్యాద అది.

కథ నిన్న పుట్టిన పిల్లకూ తెలుసు. పండగ పూట పడవావిడ పడవ కట్టేసి ఇంటికి వచ్చి విస్తరి ముందు కూర్చుంటుంది. అవతలి ఒడ్డు నుంచి పిలుపు వినబడుతుంది. ఆవిడ లేచి వెళుతుంది. అవతల ఉన్నది ఎవరు, ఆవిడ తిరిగి వచ్చిందా లేదా అనే దగ్గర ఊరు ముప్పై ఒక్క ముక్కలైంది.

అవతలి ఒడ్డున కూడా ఊరుంది. మిగతా రోజుల్లో పడవలు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి. ఇటునుంచి సున్నం పోతుంది, అటునుంచి ఎండుచేపలు వస్తాయి. బేరం తప్ప వేరే మాట ఎవరూ ఎత్తరు.

లేఖరి నలభై ఏళ్ళుగా ఆ ఊరి వరదలూ పెళ్ళిళ్ళూ దొంగతనాలూ చావులూ తాటాకుల మీద ఎక్కిస్తున్నవాడు. సుమారు అనే మాట అతని ఆకుల్లో కనబడదు. వరద ఎంత ఎత్తు వచ్చిందని అడిగితే, గోడ దగ్గరికి వెళ్ళి మరక దాకా జానలతో కొలిచి వచ్చి చెప్పేవాడు. ఈ పనీ అలాంటిదే అనుకున్నాడు. మరక దొరికితే చాలు, కొలవడానికి చెయ్యి ఉంది.

ముందు నాటకంవాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. వాళ్ళ వేషగాడు మీసం తీయించి పడవావిడ వేషం కట్టి, ఎడమకాలు కుంటుతూ వచ్చాడు. ఆవిడ కుంటిదని ఎవరు చెప్పారని లేఖరి అడిగాడు. ఎవరూ చెప్పలేదట. మొదటి వేషగాడికి ఆట పూట అరికాల్లో తుమ్మముల్లు దిగిందట. మరుసటేడు అతను తిన్నగా నడిచి వస్తే, మా పడవావిడ ఏదని జనం కేకలు వేశారట. అప్పట్నుంచి ఆరు తరాల వేషగాళ్ళు కుంటుతూనే ఉన్నారు. వాళ్ళ కథలో అవతలి ఒడ్డున మారువేషంలో రాజు ఉంటాడు.

సాలెవాళ్ళ ఆడవాళ్ళు మగ్గం ముందు పాడుకుంటారు. వాళ్ళకు అవతలి ఒడ్డున తడిచీరతో అమ్మవారు నిలబడి ఉంటుంది. మగ్గంలో నూలు మోసే నాడె ఎన్నిసార్లు అటూ ఇటూ పోతే పడవ అన్నిసార్లు ఏరు దాటుతుంది. ఒక చీర పూర్తయ్యేసరికి ఆవిడ ఎన్నిసార్లు దాటిందో లెక్కపెట్టబోయి లేఖరి మధ్యలో తప్పిపోయాడు. నలభై ఏళ్ళలో అతను లెక్క తప్పడం అదే మొదలు.

బడిలో కథ చిన్నది. నాలుగింటికి గంట కొడతారు గనక పడవ వెళ్ళీ వెళ్ళకముందే తిరిగి వస్తుంది. మిఠాయివాళ్ళ కథకు మాటలే లేవు. బెల్లం పాకంతో పడవలు పోసి ఒక్కదానిలో కొబ్బరిముక్క పెడతారు. అది ఎవరి నోట్లో పడితే ఆ ఏడు వాళ్ళింటికి ఎదురుచూడని చుట్టం వస్తాడు. కోట చెరసాలలో ఖైదీలు చెప్పుకునే కథను గోడకు చెవి ఆనించి వినాలి. అందులో పడవ తిరిగి రాదు. ఆవిడ ఎక్కడికి పోయిందని బయటినుంచి లేఖరి అడిగితే, లోపలినుంచి, అది మాకూ తెలిస్తే బాగుండునని ఎవరో అన్నారు.

పదకొండో రోజున సున్నపుబట్టీల వీధికి వెళ్ళాడు. అక్కడ కథ చెప్పే ఆడమనిషికి చెవులు వినబడవు, మాట రాదు. ఆవిడ చేతులతో చెబుతుంది. నలభైమంది చుట్టూ గొంతుక్కూర్చుని చూస్తున్నారు. రెండు అరచేతులు కలిపి పడవ చేసింది. కట్టేసింది. విస్తరి ముందు కూర్చుంది. పిలుపు దగ్గరకు వచ్చేసరికి లేఖరి ముందుకు వంగాడు. పుట్టాక ఒక్క చప్పుడూ వినని మనిషి పిలుపును ఎలా చెబుతుందో అతనికి అర్థం కాలేదు. ఆవిడ చెయ్యి గుండె మీద వేసుకుని, అక్కడ ఎవరో లోపలినుంచి తట్టినట్టు ఉలిక్కిపడింది.

అవతలి ఒడ్డు వచ్చాక ఆవిడ పడవ విప్పి, చేతులు చాచి, చూస్తున్నవాళ్ళలో ఒకరి ముఖం పట్టుకుంటుంది. ఆ ఏడాదికి అవతలి ఒడ్డున ఉన్నది ఆ మనిషే. ఆ పూట లేఖరి ముఖం పట్టుకుంది. సున్నం తిన్న వేళ్ళు గరుకుగా, వెచ్చగా ఉన్నాయి. ఆ రోజు ఆకు మీద అతను 'చూచితిని' అని ఒక్క మాట రాసి ఇంటికి వెళ్ళిపోయాడు.

పదిహేనో రోజున తోలుబొమ్మలావిడ తనే లేఖరి వాకిట్లోకి వచ్చింది. అరవై దాటిన మనిషి. పడవవాళ్ళ ఇంట పుట్టి బొమ్మలవాళ్ళ ఇంట మెట్టింది. ఆజ్ఞ వచ్చిన దగ్గర్నుంచి ఊరు ఆవిణ్ణి చూసి నవ్వుతోంది. ఎవరి కథ నిలిచినా నిలవకపోయినా ముందు పోయేది నీదేనని ముఖం మీదే అంటున్నారు. ఎందుకంటే ఆవిడ తెర మీద అవతలి ఒడ్డున ఉండేది మేక.

ఆవిడ ఏడవలేదు, బతిమాలలేదు. మిగతా కథల బొమ్మలన్నీ మామగారి కాలంలో వరదకు పోయాయని, ఉన్నది ఈ ఒక్క పెట్టేనని చెప్పింది.

"దీన్ని మూసి ఊళ్ళో ఉండమంటే ఉండలేను నాయనా. పెట్టె తలకెత్తుకుని పోతాను. పోయేముందు ఒకసారి చూడు. చూసి కొట్టెయ్యి."

లేఖరి వెళ్ళి చూశాడు. మద్దెల కోటలో ఉంది గనక ఆవిడ మడమతో చెక్కను కొడుతూ ఆడించింది. తెర మీద పడవావిడ మంచులో పడి, దారి తప్పి, చలికి వణికి, చివరికి అవతలి ఒడ్డు చేరి చూస్తే అక్కడ మేక. దీనికోసమా నేను వేడివేడి అన్నం వదిలి లేచింది అని పడవావిడ దాన్ని తిడుతుంది, దాని తల్లిని తిడుతుంది, దాన్ని కన్న మందను తిడుతుంది. పిల్లలు పొర్లి పొర్లి నవ్వుతారు. తిడుతూ తిడుతూనే ఆవిడ దాన్ని ఎత్తి పడవలో పెట్టుకుని, తన పైట దాని మీద కప్పుతుంది. ఆ చోట పిల్లల నవ్వు ఒక్కసారి ఆగింది. లేఖరి అది రాసుకున్నాడు.

ఆట అయ్యాక ఆవిడ మేకబొమ్మను దీపానికి అడ్డంగా పట్టి చూపించింది. నాలుగు తరాల చేతుల నూనె పట్టి అది తేనెరంగుకు తిరిగింది. దీపం దాని లోపలే ఉన్నట్టుంది. అసలు అక్కడ ఉండాల్సింది ముసలివాడి బొమ్మ. ముత్తవ్వ కాలంలో పండగ పొద్దున పెట్టె తెరిస్తే ముసలివాణ్ణి ఎలుకలు కొట్టేశాయి. జనం వచ్చి కూర్చున్నారు. పెట్టెలో మిగిలింది మేక.

"తప్పని తెలిసీ నాలుగు తరాలు ఆడించారా?" అన్నాడు లేఖరి.

"తప్పు మా ముత్తవ్వది. మేక మాది," అంది ఆవిడ.

పదిహేడో రోజున లేఖరి కోట భోషాణం తెరిపించి, ఆ కథ ఉన్న అన్నిటికంటే పాత ఆకు తీశాడు. రెండువందల పద్నాలుగేళ్ళ కిందటిది. అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి. మొదటి వాక్యం ఇలా ఉంది: పెద్దలు చెప్పగా విన్నది, వేరు విధముగా చెప్పువారునూ కలరు. లేఖరి ఆకును మళ్ళీ కట్టలో పెట్టేశాడు. గోడంతా మరకలే. అడుగున ఉన్న మరక కింద ఇంకో మరక ఉంది.

అప్పుడతను తనకు తెలిసిన ఒకే పని చేశాడు. ముప్పై ఒక్క కథలనూ పక్కపక్కన పరిచి, ఒకదానిలో ఉండి ఇంకోదానిలో లేనిదాన్ని కొట్టేసుకుంటూ వచ్చాడు. ముల్లు పోయింది. రాజు పోయాడు. తడిచీర పోయింది, గంట పోయింది, కొబ్బరిముక్క పోయింది. మేక పోయింది. రెండు రోజుల తర్వాత అయిదు వాక్యాలు మిగిలాయి. వాటిని పట్టుకెళ్ళి రాతిపనివాడికి ఇచ్చాడు.

రాయి ఆరడుగులది. ఈ అక్షరాలు పైన జానెడు చోటుకు సరిపోతాయని, మిగతాది ఏం చెయ్యమంటారని రాతిపనివాడు అడిగాడు. నునుపు చేసి వదిలెయ్యమన్నాడు లేఖరి.

"బోసి రాయి నిలబెడితే పని ఎగ్గొట్టాననుకుంటారయ్యా."

"నేను ఎగ్గొట్టానని చెప్పు," అన్నాడు లేఖరి.

పండగ సాయంత్రం అయిదు ముప్పావుకు ఊరంతా రేవులో చేరింది. మంచు అప్పటికే ఏటిని మింగి మెట్ల మీదికి వచ్చింది. ముప్పై ఒక్క గుంపులు ఒకదానికొకటి తగలకుండా నిలబడ్డాయి. ఏ ఏడైనా ఆ వేళకు రేవు డప్పులతో అదిరిపోతూ ఉండేది. ఆ పూట పిల్ల ఏడ్చినా నోరు నొక్కారు. బొమ్మలావిడ పెట్టె తలకెత్తుకునే వచ్చింది. రాతి మీది గుడ్డ తీయగానే అటునుంచి అటే పోవచ్చని.

రాజు గుడ్డ తీశాడు. లేఖరి చదివాడు.

"పండగ పూట మంచు దిగింది. ఆవిడ పడవ కట్టేసి విస్తరి ముందు కూర్చుంది. అవతలి ఒడ్డు నుంచి పిలుపు వినబడింది. ఆవిడ లేచింది. పడవ విప్పింది."

జనం ఆగారు. లేఖరి ఆకు మడిచాడు.

"తర్వాత?" అన్నాడు రాజు.

"ఇంతవరకే అందరూ ఒప్పుకున్నారు ప్రభూ. మిగతాది ఎవరిది వాళ్ళది. దాన్ని కొట్టేసే హక్కు నా గంటానికి దొరకలేదు."

రాజు బోసి రాతి వైపు చూశాడు. కోపం వచ్చిందో లేదో అతని ముఖంలో ఎవరికీ తెలియలేదు. ఆ ఊళ్ళో పండగ పూట అంత నిశ్శబ్దం ఎన్నడూ లేదు. మెట్లకు తగిలే నీటి చప్పుడు వేయిమందికీ వినబడింది.

అప్పుడు అవతలి ఒడ్డు నుంచి పిలుపు వినబడింది.

అందులో మాట లేదు. పొడుగాటి, తడిసిన, ఒకే ఒక్క కేక. మంచులోంచి వచ్చి మెట్లెక్కి, అందరి కాళ్ళ మధ్యనుంచి నడిచి వెళ్ళినట్టయింది. లేఖరి చేతిలోంచి ఆకు జారిపోయింది. అతను వంగి తీసుకోలేదు. కాసేపాగి పిలుపు మళ్ళీ వచ్చింది.

ముందు సాలెవాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని అమ్మవారంటూ దణ్ణం పెట్టారు. రాజు ఇక్కడే ఉన్నాడు గదా, మరి అక్కడెవరని నాటకంవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. మేకేమో చూడండని ఎవరో సన్నగా అన్నారు గానీ నవ్వు రాలేదు. సున్నపుబట్టీల ఆడమనిషి మాత్రం జనం ముఖాలు చూసి సంగతి గ్రహించి, చెయ్యి గుండె మీద వేసుకుంది.

బొమ్మలావిడ పెట్టె దించి రాతికి ఆనించి పెట్టింది. ఎవరని ఆవిడ అడగలేదు. మెట్లు దిగి పడవ దగ్గరికి వెళ్ళి పసుపుగుడ్డ లాగసాగింది. పడవల పెద్ద అడ్డం వచ్చి తొమ్మిది రోజులు కట్టు విప్పకూడదన్నాడు.

"ఎవరి పేరున కట్టావు?" అంది ఆవిడ.

"పడవావిడ పేరున."

"ఆవిడేం చేసింది?"

తడిసిన ముడి ఆవిడ వేళ్ళకు లొంగడం లేదు. పడవల పెద్ద తనే వంగి పళ్ళతో ముడి విప్పాడు.

వేషగాడు చీర ఎగదోపుకుని పరుగున వచ్చి పడవ ఎక్కాడు. అప్పుడు మాత్రం కుంటలేదు. నీకు తెడ్డు పట్టడం వచ్చా అని బొమ్మలావిడ అడిగింది. ఇరవయ్యేళ్ళుగా పడుతున్నానన్నాడు. చెక్కల మీద పట్టావు, ఇవి నీళ్ళు, కదలకుండా కూర్చో అంది. పడవ నాలుగు బారలు వెళ్ళేసరికి మంచు మూసేసింది. తెడ్డు చప్పుడు ఇంకొంచెంసేపు వినబడి అదీ పోయింది.

రాజు మెట్ల చివరికి దిగి వచ్చాడు. వెళ్ళడానికి పిలుపు ఉంది, తిరిగి రావడానికి వాళ్ళకు దారెలా తెలుస్తుందని పడవల పెద్దను అడిగాడు. చప్పుడును బట్టి రావాలి, ఈ ఒడ్డు కూడా గొంతెత్తాలి అన్నాడతను.

"ఎన్ని గొంతులు కావాలి?"

"ఎన్నుంటే అన్ని దొరా."

రాజు మొలలోంచి తాళంచెవి తీసి జవాను చేతిలో పెట్టాడు.

కోట తలుపులు తెరిచారు. డప్పులు చేతులు మారుతూ రేవుకు వచ్చాయి. మొదటి దెబ్బ ఎవరు వేశారో లేఖరికి తెలియదు. తర్వాత ముప్పై ఒక్క కథలూ ఒక్కసారే మొదలయ్యాయి. అమ్మవారి పాట మీదుగా రాజు పద్యం, దాని మీదుగా బడిపిల్లల అరుపులు. మిఠాయివాళ్ళు పాకం మూకుళ్ళను గరిటెలతో బాదారు. చెరసాల కిటికీల్లోంచి ఖైదీలు తమ కథను మొదటిసారి గొంతెత్తి చెప్పారు. ఎవరి కథ ఎవరిదో తెలియలేదు. అది ఒక్క ఊరి గొంతులా, ఏటి కంటె వెడల్పుగా ఉంది. లేఖరి అరచెయ్యి రాతి మీద ఆనించాడు. రాయి అదురుతోంది. నలభై ఏళ్ళలో అతను రాసుకోని సంగతి అదొక్కటే. చూస్తూ నిలబడిపోయాడు.

పడవ ఆ రాత్రి తిరిగి రాలేదు. మర్నాడూ రాలేదు. వెతకబోతే వెతికేవాళ్ళను వెతకాల్సి వస్తుందని పడవవాళ్ళు అన్నారు. గుంపులు వంతులు వేసుకుని రేవులో కథలు చెబుతూనే ఉన్నాయి. బొమ్మలావిడ వంతును, బొమ్మలు లేకుండా, మేకతో సహా, సాలెవాళ్ళే చెప్పారు.

ఆ రోజుల్లో లేఖరి ఇంట్లో కూర్చుని లెక్క వేశాడు. ఆకు వయసు రెండువందల పద్నాలుగు. అన్నేళ్ళూ ఆ పూట ఈ ఒడ్డున డప్పులు మోగుతూనే ఉన్నాయి. ఈ ఏడు మోగలేదు, పిలుపు వినబడింది. దీన్నిబట్టి అతనికి ఒకటే తేలింది. దాన్ని ఆకు మీద ఎక్కించాడు: అవతలి ఒడ్డు ప్రతి ఏడూ పిలుస్తూనే ఉన్నది, పిలుపును గూర్చిన కథల గోలలో మనకు పిలుపు వినబడలేదు.

ఆ మాట ఊళ్ళో పాకింది. చదివినవాళ్ళు తలవంచుకున్నారు. డప్పు కొట్టే చేతులు బరువెక్కాయి. పడవ రాగానే వాయిద్యాలన్నీ శాశ్వతంగా కోటకు చేర్చాలని పెద్దలే వెళ్ళి రాజుతో అన్నారు. రాజు లేఖరి వాక్యాన్ని బోసి రాతి మీద చెక్కమన్నాడు. పదో రోజు పొద్దున రాతిపనివాడు ఉలికి పదును పెట్టుకుని రేవుకు వచ్చాడు.

ఆ పొద్దునే మంచు విడిచింది. ఎనిమిది గంటల వేళ పడవ కనబడింది. బొమ్మలావిడ తెడ్డు వేస్తోంది. వేషగాడు మీసం మొలిచిన ముఖంతో, ఎవరో ఇచ్చిన పంచె కట్టుకుని, ఎండుచేపల బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

జనం కమ్ముకున్నారు. మంచు విడిచేదాకా అవతలివాళ్ళు కదలనివ్వలేదంది ఆవిడ. లేఖరి వాళ్ళను తోసుకుని వెళ్ళి, గంటం తీసి, అవతలివాళ్ళు ఎన్నేళ్ళుగా పిలుస్తున్నారని అడిగాడు. ఆవిడ అర్థం కానట్టు చూసింది. తర్వాత, దారంతా తాను విన్నదాన్నే మోసుకొచ్చిన మనిషిలా, మెట్టు మీద కూర్చుని నెమ్మదిగా చెప్పింది. రాతిపనివాడు ఉలి కింద పెట్టాడు.

అవతలివాళ్ళు అంతకుముందు ఎన్నడూ పిలవలేదు. ప్రతి ఏడూ ఆ సాయంత్రం వంటలు ముగించుకుని, నడవలేనివాళ్ళను ఎత్తుకుని, ఏటి ఒడ్డుకు వచ్చి కూర్చుని ఈ చప్పుడు వింటారు. ఏమిటో వాళ్ళకు తెలియదు. వాళ్ళ తాతలూ విన్నారు. వాళ్ళకు పండగంటే అదే. ఈ ఏడు ఎంతసేపు కూర్చున్నా ఏమీ వినబడలేదు. ఆరయ్యాక భయం వేసింది. అప్పుడు ఊరంతా, మూడువందల పన్నెండు మంది, ఒక్కసారే గొంతెత్తి పిలిచారు, ఇవతల ఎవరైనా మిగిలారేమోనని.